తలుపు మీద మసక

చెన్నై, ఆదివారం

చిరంజీవులు చిన్నాకూ బుజ్జమ్మకూ తాతయ్య ఆశీస్సులు.

సెలవుల్లో కారు తలుపు మీద గీత పోగొడదామని ఉప్పుకాగితంతో రుద్ది, అరచేయంత మేర మసక చేసి, పైన తువ్వాలు కప్పి బండెక్కారు. తువ్వాలు తీసి చూశాన్లే. (ఉప్పుకాగితాన్ని ఇక్కడి తమిళ కుర్రాళ్ళూ ‘ఉప్పుతాళ్’ అనే అంటారు. ఉప్పు మాత్రం ఎందులోనూ లేదు.)

“నూనె రాస్తే పోదా తాతయ్యా?” అని ఫోన్లో అడిగావు కదా బుజ్జీ. మెరుస్తుంది, కడిగితే మళ్ళీ మసకే. నూనె గీతల్లో నిండి కంటిని మోసం చేస్తుందంతే. గీతని చెరపడం ఎవరి తరమూ కాదు. దాని అడుగు ఎంత లోతులో ఉందో చుట్టూ ఉన్న పూత అంత దిగిరావాలి.

ఆ పూత ఎంతనుకున్నారు? రంగు మీద నీళ్ళలా కనిపించే పొరని మేం క్లియర్ అంటాం. కంపెనీ నుంచి వచ్చిన కారు మీద అది 40, 50 మైక్రాన్లు ఉంటుంది. తలవెంట్రుక లావు సుమారు 70. మన బేరమంతా అంతలోనే.

మీరు నా పెట్టెలోంచి తీసింది 1000 నంబరు కాగితం. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. దాని చారల మీద నేను 1500తో అడ్డంగా, 2000తో నిలువుగా, చివర 3000తో మళ్ళీ అడ్డంగా నీళ్ళు పోస్తూ రుద్దాను. అలా దిశ మారిస్తే పాత చారలు పోయాయో లేదో తెలిసిపోతుంది. అప్పుడుగానీ పాలిష్ మెషిన్ తియ్యకూడదు. ముతక చారల మీదే పాలిష్ పట్టేవాళ్ళున్నారు, వేడి తప్ప ఏమీ పుట్టదు.

ఈ ఊళ్ళో తొమ్మిదింటికే రేకు పెనంలా కాలుతుంది, కాంపౌండ్ (పూతని అరగదీసే పాలిష్ ముద్ద) ఎండి పెళుసుకడుతుంది. అందుకని తెల్లవారుతూనే నీడలో మొదలెట్టాను. మెషిన్‌కి తగిలించిన ఉన్ని ప్యాడ్ మీద శనగగింజంత కాంపౌండ్ బొట్లు నాలుగు. మెషిన్ ఆన్ చెయ్యకముందే ప్యాడ్‌తో వాటిని అద్ది పరచాలి, లేకపోతే గోడనిండా ముగ్గే. ఒకసారికి మూర పొడవు, మూర వెడల్పు చాలు. ప్యాడ్ బల్లపరుపుగా పెట్టి, పోయిన దారిలో సగం తొక్కుతూ నెమ్మదిగా జరపాలి. మధ్యమధ్య రేకుకి చెయ్యి ఆనించి వేడి చూసుకోవాలి.

అంచులకి ముందే టేపు అంటించాను. ఆ భయం ఎక్కడిదో చెబుతాను. నేను ఇక్కడి పుదుపేటలో పని నేర్చుకున్నది పాత పద్మినీ కార్ల మీద. వాటికి క్లియర్ ఉండేది కాదు, నల్ల కారు రుద్దితే గుడ్డ నల్లబడేది. అది మామూలే. తర్వాత క్లియర్ ఉన్న కొత్త రకం ఎర్ర కారొకటి వచ్చింది. బానెట్ మడత దగ్గర ప్యాడ్‌కి ఎరుపంటింది. మామూలేగా అనుకుని ఇంకో రెండు తిప్పులు తిప్పాను. మెషిన్ ఎత్తేసరికి మడత పొడుగునా రంగు కింద ఉండే బూడిదరంగు ప్రైమర్ పూత! అంచుల మీద పూత పల్చగా ఉంటుంది, ప్యాడ్ బరువంతా అక్కడే పడుతుంది. క్లియర్ ఉన్న కారుకి ప్యాడ్ తెల్లగానే ఉండాలి, రంగు కనిపించిందంటే పొర దాటేసినట్టే. ఆ బానెట్‌కి మళ్ళీ పెయింట్ వేశాం, నా కూలీ లోంచే.

ఉన్ని ప్యాడ్ మసక తీసేస్తుంది గానీ సాలెగూడులాంటి సన్నటి తిప్పుడు గీతలు మిగులుస్తుంది. వాటికి మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్నటి పాలిష్, తిరుగుతూ ఊగే రెండో మెషిన్. అయ్యాక స్పిరిట్‌తో తుడిచి టార్చి వేసి చూశాను. కాంపౌండ్‌లోనూ నూనె ఉంటుంది బుజ్జీ, అదీ నీ నూనెలాగే మోసం చేస్తుంది.

మసక పోయింది. మొదటి గీత మాత్రం హ్యాండిల్ కింద ఇంకా ఉంది. గోరుకి తగులుతోంది, అంత లోతుకి దిగడానికి పూత చాలదని వదిలేశాను. ఈసారి వచ్చినప్పుడు గోరు పెట్టి చూడండి.

తువ్వాలు మీ అమ్మమ్మది. కాంపౌండ్ మరక ఇంకా వదల్లేదు.

మీ తాతయ్య