ముందు స్లాబా, ఏసీనా? అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఏసీలు బిగించడం, రిపేర్లు చేయడం నా పని. ఎండలు ముదిరితే ఎవరింటికి పోయినా ఒకటే మాట: "అన్నా, టన్నున్నర సాల్తలేదు, రెండు టన్నులది పెట్టియ్యి." పెద్ద ఏసీ పెడితే నాకూ నాలుగు పైసలు మిగులుతాయి. అయినా ముందు స్లాబ్ సంగతి చూసుకోమనే చెప్తాను.

అపోహ: గది చల్లబడకపోతే ఏసీ చిన్నదైనట్టే.

వాస్తవం: మీ పైన ఇంకో అంతస్తు లేకపోతే మొదటి అనుమానం స్లాబ్ మీదే. మే నెలలో పొద్దంతా కాగిన కాంక్రీటు ఆ వేడిని రాత్రంతా గదిలోకి దింపుతుంది. రాత్రి తొమ్మిదింటికి ఫ్యాన్ ఆపి, స్టూల్ ఎక్కి సీలింగ్‌కు అరచెయ్యి ఆనించండి. తర్వాత రెండు గదుల మధ్య గోడకు ఆనించండి. సీలింగే బాగా వెచ్చగా తగిలితే మీ డబ్బు ముందు పైకప్పు మీద పెట్టాలి. ఒక టన్ను ఏసీ అంటే గంటకు 12,000 బీటీయూల (వేడిని కొలిచే యూనిట్) వేడిని బయటికి తోడేది. పైనుంచి వేడి దిగుతున్నంతసేపు అది తోడుతూనే ఉండాలి, మీటరు తిరుగుతూనే ఉండాలి. పైగా అవసరానికి మించిన పాతరకం ఏసీ వానాకాలంలో గదిని తొందరగా చల్లబరిచి ఆగిపోతుంది. గాలిలో తేమ పోదు, ఒళ్లంతా జిగటగానే ఉంటుంది.

అపోహ: కూల్ రూఫ్, అంటే ఎండను తిప్పికొట్టే పైకప్పు, సర్కారు బిల్డింగులకే.

వాస్తవం: 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ 600 గజాల లోపు ఇళ్లకు తప్పనిసరి చేయలేదు, అంతే. నా లెక్కలో చిన్న ఇళ్లకు, రేకుల ఇళ్లకే ఇది ఎక్కువ అవసరం. పగుళ్లు పూడ్చి, స్లాబ్ కడిగి, బాగా ఆరాకే తెల్ల పెయింట్ వేయించండి. చెమ్మ మీద వేస్తే పొరలుగా లేచిపోతుంది. దుమ్ము పట్టిన తెలుపు ఎండను సరిగా తిప్పికొట్టదు కాబట్టి ఏటా ఎండలకు ముందు కడగాలి. ఖర్చు పెట్టగలిగితే స్లాబ్ పైన ఫోమ్ బోర్డులు పరిచి, వాటిమీద టైల్స్ వేయించండి. అప్పుడు కాంక్రీటే అంతగా కాగదు. ఆదిలాబాద్ వైపు చలికి కూడా ఈ బోర్డులు పనికొస్తాయి, తెల్ల పెయింట్ పనికిరాదు.

అపోహ: ఫాల్స్ సీలింగ్ ఉంటే చాలు.

వాస్తవం: ఉత్త జిప్సం షీటు ఆపేది తక్కువ. దానిమీద రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి నార దుప్పటి) పరిస్తే తేడా తెలుస్తుంది.

అపోహ: స్లాబ్ పని చేయిస్తే ఏసీ మార్చక్కర్లేదు.

వాస్తవం: అందరికీ కాదు. కింది పోర్షన్‌లో ఉండేవాళ్లకు స్లాబ్ పనితో లాభమే లేదు. వాళ్లు పడమటి గోడను, కిటికీలను చూసుకోవాలి. అద్దానికి లోపల పరదా కట్టేకంటే బయట తడక కట్టడం మేలు, ఎండ అద్దం దాకా రాదు. కాయిల్ లీకై ఏటా గ్యాస్ కొట్టించుకునే పాత ఏసీ ఉంటే మార్చేయండి, మొహమాటం వద్దు. కాకపోతే ఫిబ్రవరిలో స్లాబ్ పని ముగించి, ఆ తర్వాతే ఎన్ని టన్నులో లెక్క వేయించండి. చాలా గదులకు టన్నుతోనే సరిపోతుంది. ఫ్యాన్ వేసుకుని 26లో పెట్టుకున్నా హాయిగా నిద్రపడుతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెబుతోంది.