గురకకు మందు వెతికే ముందు
గురక తగ్గిస్తామంటూ అమ్మే పట్టీలు, క్లిప్పులు, స్ప్రేలు కొనే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఇంట్లో ఎవరైనా ఒక రాత్రి ఆ గురకను శ్రద్ధగా వినాలి. ఒకే తీరున సాగుతోందా? లేక ఉన్నట్టుండి ఆగిపోయి, ఛాతీ ఎగసిపడుతున్నా గాలి ఆడక, కాసేపటికి ఉక్కిరిబిక్కిరవుతూ పెద్ద శబ్దంతో మళ్లీ మొదలవుతోందా? ఈ రెండో రకాన్ని ‘గాఢనిద్ర’ అని మురిసిపోవడం ప్రమాదకరం.

నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం ఇరుకవుతుంది. గాలి ఒరుసుకుంటూ వెళ్తుంటే కొండనాలుక, మెత్తని అంగిలి అదురుతాయి. అదే గురక. దారి మూసుకుపోయి శ్వాస 10 సెకన్లు లేదా అంతకు మించి ఆగడం స్లీప్ అప్నియా. శ్వాస ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు 5 సార్ల లోపు ఉంటే పెద్దవారిలో మామూలే. 30కి చేరితే తీవ్రం. ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేస్తుంది. రక్తపోటు పెరగడానికీ, పగలు వాహనం నడుపుతూ కునుకు తీయడానికీ మూలం ఇక్కడే ఉండవచ్చు. నిద్ర పరీక్షలో ఇది తేలుతుంది.

అప్నియా లేని గురకకు పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం, రాత్రి మద్యం మానడం చాలావరకు పనిచేస్తాయి. ముక్కు పట్టీలు అడ్డంకి ముక్కులో ఉంటేనే ఉపయోగం. కింది దవడను కాస్త ముందుకు నిలిపే పరికరాన్ని దంతవైద్యులు కొలత తీసి చేస్తారు; గురకకే కాక, తీవ్రం కాని అప్నియాకూ అది మేలు చేస్తుంది.

తీవ్రమైన అప్నియాకు ప్రధాన చికిత్స సీప్యాప్. ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సలివన్ 1981లో దీన్ని వైద్యలోకానికి పరిచయం చేశారు. చిన్న యంత్రం మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపి, గొంతు ముడుచుకుపోకుండా తెరిచి ఉంచుతుంది. మొదట్లో మాస్కు ఒరుసుకుంటుంది, నోరు ఎండుతుంది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, అదే బాధాకరం. మాస్కు సైజు మార్చినా, గాలికి తేమ జోడించినా ఈ ఇబ్బందులు చాలావరకు తగ్గుతాయి. శస్త్రచికిత్సలు ఉన్నాయి కానీ అందరికీ నప్పవు. స్థూలకాయంతో పాటు అప్నియా ఉన్నవారికి బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను అమెరికా 2024లో అనుమతించింది.

పిల్లల సంగతి వేరు. వారిలో తరచూ కారణం పెరిగిన టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనుక ఉండే మెత్తని కణజాలం). అవసరమైనప్పుడు వాటిని తీసేస్తే ఎక్కువమందికి శ్వాస కుదుటపడుతుంది. రోజూ నోరు తెరిచి గురకపెట్టే బిడ్డను పెద్దయితే అదే పోతుందని వదిలేయకుండా చెవి, ముక్కు, గొంతు నిపుణులకు చూపించాలి.