'కంచె'లో ఊరి కథ తీసేసి యుద్ధం మాత్రం చూపించమంటే ఎలా? - కొన్ని అపోహలు, వాస్తవాలు

కాలేజీల్లో సినిమాలు వేసి, అయిపోయాక పిల్లల చేత మాట్లాడించడం నా పని. రెండో ప్రపంచ యుద్ధాన్నీ ఒక ఊళ్లో కులాల గొడవనీ కలిపి క్రిష్ తీసిన 'కంచె' (2015) వేస్తానన్నప్పుడల్లా దాదాపు ఒకే రకం ఫోన్ వస్తుంది. "సార్, మంచి సినిమానే, నేషనల్ అవార్డు కూడా వచ్చింది, కాకపోతే ఆ ఊరి గొడవలు వదిలేసి యుద్ధం వరకు చూపించండి, మా దగ్గర పరిస్థితి అసలే బాగోలేదు." ఇలా విని విని విసుగొచ్చి ఇది రాస్తున్నా.

అపోహ: ఇది యుద్ధ సినిమా. ఊరి కథ హీరోయిన్ కోసం అతికించారు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే. ఊరి భాగం తీసేస్తే పిల్లాడికి మిగిలేదేంటి? జర్మన్లు చెడ్డోళ్లు, మనోళ్లు మంచోళ్లు, ద్వేషం అనేది ఎప్పుడో 1944లో ఇటలీలో వేరే యూనిఫాం వేసుకున్నవాళ్లకు పట్టిన రోగం. అంతే. వాడు హాయిగా చప్పట్లు కొట్టి, హాస్టల్‌కి వెళ్లి, ఎవడి పక్కన కూర్చుని తినాలో ఎవడి పక్కన కూర్చోకూడదో పాత లెక్క ప్రకారమే చూసుకుంటాడు. సినిమా ఇటలీకీ దేవరకొండ అనే ఊరికీ మధ్య అటూ ఇటూ తిరిగేది ఊరికే కాదు. హీరో హరిబాబు, ఈశ్వర్ ఒకే సైన్యంలో ఒకే శత్రువు మీద పోరాడతారు, కానీ ఊళ్లో ఈశ్వర్ చెల్లెలు సీతను హరి ప్రేమించడమే నేరం, ఊరి మధ్య కులాన్ని బట్టి కంచె కూడా వేస్తారు. అక్కడ నాజీలు అడిగేదీ ఎవరి రక్తం ఏంటనే, ఇక్కడ ఊరు అడిగేదీ అదే.

ఇది అతి పోలిక అనేవాళ్లుంటారు. 1935లో జర్మనీలో నాజీలు తెచ్చిన న్యూరెంబర్గ్ చట్టాలు చేసిన పనుల్లో ఒకటి, యూదులకూ జర్మన్లకూ మధ్య పెళ్లిళ్లు నిషేధించడం. లక్షల మందిని గ్యాస్ చాంబర్లలో చంపింది ఆ తర్వాత, ముందు కంచె వేసింది పెళ్లి దగ్గర. మన ఊళ్లలో దానికి చట్టం అవసరం రాలేదు, పెద్దమనుషులు సరిపోయారు. రెండూ సమానం అని నేననను, అక్కడ మొత్తం ప్రభుత్వమే హత్యా యంత్రమైంది. మొదలైన చోటు మాత్రం ఒకటే, దాన్ని కత్తిరించి సినిమా చూపించమంటే ఎలా?

భయపడే లెక్చరర్లను నేను తప్పు పట్టను. ఒక మేడమ్ సినిమా అంతసేపూ తలుపు దగ్గరే నిలబడ్డారు, పాపం. కిందటి ఏడాది వాళ్ల క్యాంపస్‌లో ఒక వాట్సాప్ స్టేటస్ మీద కొట్టుకున్నారట, మళ్లీ ఏమవుతుందోనని టెన్షన్. అలాంటివాళ్లకు నేను చెప్పేది ఒకటే: మొదట్లో ఉపన్యాసం వద్దు, మధ్యలో ఆపొద్దు, అయ్యాక "మీ కులం వల్ల మీకేం జరిగింది" అని ఏ పిల్లనీ పిల్లాడినీ అడగొద్దు. అలా అడిగితే ఇప్పటికే దెబ్బ తిన్నవాళ్ల మీదే బరువు పడుతుంది, మిగతావాళ్లు ప్రేక్షకుల్లా కూర్చుంటారు. పాత్రల గురించే అడగండి, ఈశ్వర్ ఎక్కడ ఆగి ఉండొచ్చు అని అడగండి. ఆ మేడమ్ గారి కాలేజీలో వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "సార్, అసలు ఊళ్లో ఆ కంచె కర్రలు పాతిన కూలీలు ఏ వైపు వాళ్లై ఉంటారు?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న మీద ముప్పావుగంట మాట్లాడుకున్నారు, గొంతులు పెరిగాయి గానీ కొట్టుకోలేదు.

అపోహ: ఇటలీలో మనవాళ్లేంటి, అంతా కల్పన.

వాస్తవం: హరిబాబు కల్పన, యుద్ధం కాదు. భారత సైన్యం 4, 8, 10వ డివిజన్లు ఇటలీలో పోరాడాయి, కసీనో యుద్ధంలో మనవాళ్లున్నారు, 1944 జులైలో ఇటలీలోనే టైబర్ లోయలో చనిపోయిన యశ్వంత్ ఘాడ్గేకు బ్రిటిష్‌వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఇటలీలోని ఫోర్లీలో భారత సైనికుల శ్మశానం ఇప్పటికీ ఉంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అని ఎందుకంటారో ఆ చుట్టుపక్కలవాళ్లను అడగండి. ఒకసారి ఒకమ్మాయి వాళ్ల ముత్తాత పతకం ఫొటో ఫోన్‌లో చూపించింది, ఏదో స్కూల్లో ఇచ్చిన బహుమతి అనుకుని ఇన్నాళ్లూ పూజ గూట్లో పెట్టారట. పెద్దది చేసి చూస్తే నక్షత్రం మధ్యలో 'ది ఇటలీ స్టార్' అని ఉంది.

అపోహ: సైన్యంలో చేరితే అందరూ ఒకటే, వివక్ష ఉండదు.

వాస్తవం: బ్రిటిష్ ఇండియా సైన్యాన్ని నడిపిందే "యుద్ధవీర జాతులు" అనే సిద్ధాంతం, అంటే కొన్ని జాతులే పోరాటానికి పనికొస్తాయనే నమ్మకం. 1880ల్లో మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్‌కి దక్షిణాది సిపాయిలంటే చిన్నచూపు. ఆయనలాంటి వాళ్ల అభిప్రాయాలే పనిచేసి, మన వైపు పదాతి దళాలను తగ్గించుకుంటూ వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దాదాపు ఎత్తేశారు. రెండో యుద్ధంలో మనుషులు చాలక మళ్లీ మద్రాస్ రెజిమెంట్ పెట్టారు. అవసరం పడేసరికి మనం కూడా వీరులమైపోయాం అన్నమాట!

అపోహ: వాళ్లు బ్రిటిష్‌వాడి జీతానికి వెళ్లారు, చెప్పుకోవడానికి ఏముంది?

వాస్తవం: ఎక్కువమంది జీతానికే వెళ్లారు. ఆకలికి వెళ్లినవాడిని ద్రోహి అనడానికి మనమెవరం?

ఇంకోటి, కాలేజీవాళ్లకు. సినిమా రెండు గంటల పైనే ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి పెట్టారంటే చర్చ మొదలయ్యేసరికి పల్లె బస్సుల టైమవుతుంది, ముందు వెళ్లిపోయేది ఊళ్ల నుంచి వచ్చే పిల్లలే. పొద్దున పదింటికే మొదలుపెట్టండి.