ఆడియన్స్ లిస్ట్ ఏపీఐలకు డాక్యుమెంటేషన్: అపోహలు - వాస్తవాలు

తమ దగ్గరున్న కస్టమర్ల ఈమెయిళ్లు, ఫోన్ నంబర్లు గూగుల్ యాడ్స్‌కో మెటాకో పంపి, వాళ్లకే ప్రకటనలు చూపించుకోవడం ఇప్పుడు చిన్న కంపెనీలకి కూడా మామూలైపోయింది. అలా పంపే కస్టమర్ల జాబితాలే ఆడియన్స్ లిస్టులు. ఆ లిస్టుల్లో మనుషుల్ని చేర్చే, తీసేసే టూల్స్‌కి, అంటే మన ప్రోగ్రాం వాళ్ల సిస్టమ్‌తో మాట్లాడే ఏపీఐలకి, డాక్యుమెంటేషన్ రాయడం నా పని. డెవలపర్లూ మేనేజర్లూ తరచూ అనే మాటలు కొన్ని ఇక్కడ.

అపోహ: స్పెక్ (ఏపీఐ ఏ ఫీల్డులు తీసుకుంటుందో చెప్పే ఫైలు) ఉంటే చాలు, డాక్యుమెంట్ దానంతటదే వచ్చేస్తుంది.

వచ్చేది ఫీల్డుల పట్టిక. ఫోన్ నంబర్ ఎదురుగా ‘స్ట్రింగ్’ అని ఉంటుంది, అంతే. చదివేవాడికి కావాల్సింది అది కాదు. గూగుల్‌కి నంబర్ ముందు ప్లస్, ఆ తర్వాత దేశం కోడ్ ఉండాలి. మెటాకి దేశం కోడ్ ఉండాలి గానీ ప్లస్ ఉండకూడదు. మన దగ్గరి డేటాలో చూస్తే ఒకచోట ముందు సున్నా, ఇంకోచోట మధ్యలో ఖాళీ, మరోచోట ఒట్టి పది అంకెలు. వీటిని సరిచేయకుండా ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతితో హ్యాష్ చేసినా, అంటే అసలు నంబర్ కనపడని గుర్తుగా మార్చినా, 64 అక్షరాల చక్కటి స్ట్రింగే వస్తుంది, ఏపీఐ కూడా కిమ్మనకుండా తీసుకుంటుంది. ఎర్రర్ రాదు, మ్యాచ్ అవదు, అంటే ఆ మనిషి అకౌంటు దొరకదు.

కాబట్టి నేను ముందు రాసేది ఒక పట్టిక: డేటా ఎలా వచ్చింది, శుభ్రం చేశాక ఎలా ఉండాలి, హ్యాష్ ఎంత రావాలి. రీడర్ తన కోడ్ ఫలితాన్ని దానితో పోల్చుకుంటాడు. పక్కనే ఒక హెచ్చరిక కూడా: టెర్మినల్‌లో ఎకో కమాండ్‌తో సరిచూస్తే చివర కనపడని కొత్త లైను కలిసి హ్యాష్ మారిపోతుంది. ఎకో పక్కన మైనస్ ఎన్ (-n) పెట్టాలి. దీని మీద పూటంతా పోగొట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

పేరు, చిరునామాతో మ్యాచ్ చేసేటప్పుడు మన వాళ్లకి ఇంకో చిక్కు. గూగుల్ అడిగేది పూర్తి పేరు, పూర్తి ఇంటిపేరు. మన రికార్డుల్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై పేరు ముందు కూర్చుని ఉంటుంది. పైగా పేర్లు హ్యాష్ చేయాలి, దేశం కోడు, పిన్‌కోడు మాత్రం చేయకూడదు.

అపోహ: జవాబుగా 200 (రిక్వెస్ట్ సరిగ్గా అందిందని సర్వర్ చెప్పే కోడ్) వచ్చిందంటే లిస్టు అప్‌డేట్ అయిపోయినట్టే.

అందినట్టు, అంతే. గూగుల్ యాడ్స్ ఏపీఐలో పెద్ద లిస్టులకి ముందు జాబ్ (ఒక విడత పని) తయారు చేయాలి, అందులో రికార్డులు వేయాలి, ఆపైన నడపమని చెప్పాలి. జవాబు వెంటనే వస్తుంది, అసలు పని వెనకాల గంటలపాటు సాగుతుంది. మెటా జవాబులో ఎన్ని రికార్డులు అందాయో, ఎన్ని చెల్లలేదో ఉంటుంది. ఎంతమంది దొరికారో ఉండదు. అందుకే ‘అందింది’, ‘ప్రాసెస్ అయింది’, ‘మ్యాచ్ అయింది’ అనే మూడు మాటల్ని నా పేజీల్లో ఎక్కడా కలపను. ‘సక్సెస్’ అనే మాట రాయనే రాయను. ఐదు ఈమెయిళ్లతో టెస్ట్ చేసి, లిస్టు సైజు సున్నా చూపిస్తోందని టెన్షన్ పడేవాళ్ల కోసం, ఆ సైజు సుమారుగా చూపించే అంచనా అని విడిగా చెప్పాలి.

అపోహ: అప్‌డేట్ అంటే పాత లిస్టు పోయి కొత్తది వస్తుంది.

అన్నిటికంటే ప్రమాదం ఇదే. మామూలుగా పంపితే కొత్తవాళ్లు చేరతారు, పాతవాళ్లు అలాగే ఉంటారు. ‘నాకు ప్రకటనలు వద్దు’ అన్న మనిషిని ఇవాళ్టి ఫైల్లోంచి తీసేసినంత మాత్రాన లిస్టులోంచి పోడు. విడిగా తీసేయమని చెప్పాలి. గూగుల్‌లో ఒకే జాబ్‌లో చేర్చడం, తీసేయడం కలిపితే ఎర్రర్ రావచ్చు. లిస్టు మొత్తం మార్చాలంటే మొదట అందర్నీ తీసేయమనాలి, ఆ తర్వాత చేర్చాలి. మెటాలో మొత్తం మార్చడానికి వేరే ఎండ్‌పాయింటే (రిక్వెస్ట్ పంపే అడ్రసు) ఉంది. తీసేసే పద్ధతిని పేజీ అడుగున ‘అదనపు సమాచారం’లో పడేసిన డాక్యుమెంట్‌ని నేను రివ్యూలో పాస్ చేయను.

అపోహ: హ్యాష్ చేశాం కాబట్టి అది వ్యక్తిగత డేటా కాదు.

మన మొబైల్ నంబర్లు పది అంకెలు, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి. అన్నీ కలిపినా 400 కోట్లు దాటవు. అన్నిటినీ హ్యాష్ చేసి పోల్చి చూడటం ఈనాటి గ్రాఫిక్స్ కార్డుకి పెద్ద పని కాదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా, హ్యాష్ చేసినంత మాత్రాన డేటా అనామకం కాదని 2024లో మళ్లీ గుర్తుచేసింది. కాబట్టి డాక్యుమెంట్‌లోని ఉదాహరణల్లో పక్క సీటు వాళ్ల నంబర్ పెట్టొద్దు, హ్యాష్ చేసి కూడా.

అపోహ: ఒకసారి రాస్తే అయిపోయింది.

గూగుల్ కస్టమర్ మ్యాచ్‌లో (ఈ లిస్టులకి గూగుల్ పెట్టిన పేరు) సభ్యత్వ గడువుకి, అంటే ఒక మనిషి లిస్టులో ఉండే రోజులకి, 10000 అని ఇస్తే ఒకప్పుడు కాలపరిమితి లేనట్టు లెక్క. చాలా డాక్యుమెంట్లలో ఆ లైను ఉండేది. 2025 ఏప్రిల్ 7 నుంచి గరిష్ఠం 540 రోజులే. పాత లైను నమ్ముకుని ఏళ్ల కిందటి కస్టమర్లను మళ్లీ అప్‌లోడ్ చేయని వాళ్ల లిస్టులు చెప్పాపెట్టకుండా తగ్గిపోతాయి. ఇలాంటి అంకె ఎక్కడున్నా పక్కన ‘ఫలానా తేదీన సరిచూశాం’ అని రాయడం నాకు అలవాటు. డిజైన్ వాళ్లు అందంగా లేదని తీసేయమంటారు, నేను తీయను.