స్టాఫ్ నర్సు పోస్టు ఒకటే, చదువులు రెండు

స్టాఫ్ నర్సు ఉద్యోగాల మాట వచ్చిందంటే కర్నూలు పెద్దాసుపత్రి చుట్టుపక్కల పాత తగువు మళ్లీ లేస్తుంది. మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎంకూ నాలుగేళ్ల డిగ్రీ బీఎస్సీ నర్సింగ్‌కూ ఒకే పోస్టు ఏమిటని ఒకరంటారు. వార్డులో చెయ్యి తిరగని డిగ్రీ ఏం చేసుకోవడానికని ఇంకొకరంటారు.

నర్సింగ్ చదువులకు దేశమంతా ఒకే ప్రమాణం ఉండాలని 1947 చట్టంతో నర్సింగ్ కౌన్సిల్ వచ్చింది. అసలు మలుపు 2018లో వచ్చింది. కేంద్రం ఆయుష్మాన్ భారత్ పథకం కింద పల్లెల్లోని ఆరోగ్య సబ్‌సెంటర్లను వెల్‌నెస్ సెంటర్లుగా మార్చాలనుకున్నారు. అంతవరకూ ఏఎన్ఎం (పల్లె ఆరోగ్య కార్యకర్త) నడిపిన చోట బీపీ, షుగర్ చూసి మందులిచ్చే ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది) కావాల్సి వచ్చింది. మన రాష్ట్రం ఆ పోస్టుకు బీఎస్సీ నర్సింగే అడిగింది. చదువును బట్టి పని మారుతుందని పల్లెలో ఒప్పుకున్న ప్రభుత్వం పట్నం వార్డులో మాత్రం ఇద్దరినీ ఒకే గాటన కట్టింది. ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సుల నియామకానికి పెట్టే నార్సెట్ పరీక్షలో అలా కాదు. డిప్లొమా వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి.

డిగ్రీ వాళ్ల పక్షాన గట్టి లెక్కలున్నాయి. 2003లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయిన రోగులను పరిశీలించింది. డిగ్రీ నర్సుల వాటా 10 శాతం ఎక్కువున్న చోట, నెలలోపు చనిపోయే అవకాశం 5 శాతం తక్కువ. 2014లో యూరప్‌లోని తొమ్మిది దేశాల్లో చేసిన అధ్యయనంలో ఆ తగ్గుదల 7 శాతం.

ఎందుకలా? అర్ధరాత్రి రెండు గంటలు. ఆపరేషన్ అయిన మనిషి ఊపిరి నిమిషానికి 18 నుంచి 28కి పెరిగింది. యూరిన్ బ్యాగ్ నిండడం లేదు. బీపీ ఇంకా పడలేదు. విడివిడిగా చూస్తే ఒక్కోదాన్నీ తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది. మూడింటినీ కలిపి చూసి, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతోందేమోనని అనుమానించి, డ్యూటీ డాక్టరును అప్పుడే లేపాలి. సూది నొప్పి తెలియకుండా వెయ్యడం అలవాటుతో వస్తుంది. ఈ అనుమానం రావాలంటే శరీరం ఎలా పనిచేస్తుందో లోతుగా చదివుండాలి. అదనపు ఏడాది విలువ ఇక్కడే. పైగా 2015 సిలబస్‌తో జీఎన్ఎంను మూడున్నరేళ్ల నుంచి మూడేళ్లకు కుదించారు. తేడా ఇంకాస్త పెరిగింది.

జీఎన్ఎం సిస్టర్ల మాటలోనూ నిజముంది. ఆ యూరప్ అధ్యయనంలోనే, ఒక్కో నర్సుకు ఒక రోగి పెరిగితే మరణించే అవకాశం 7 శాతం పెరిగింది. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్న కౌన్సిల్ లెక్క ఏ సర్కారు వార్డులో కనిపిస్తుందని వాళ్లు అడుగుతారు.

జీఎన్ఎం అయినవాళ్లు డిగ్రీ అందుకోవడానికి రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. ప్రైవేటు నర్సింగ్ హోములో జీతం మీద ఇల్లు గడుపుతున్న సిస్టర్ ఆ రెండేళ్లు ఉద్యోగం మానుకుని ఎలా చదువుతుంది? పాత చట్టం స్థానంలో 2023లో కొత్త నర్సింగ్ కమిషన్ చట్టం వచ్చింది. అలాంటి సిస్టర్‌కు దారి చూపించాల్సింది ఇప్పుడు ఆ కమిషనూ, రాష్ట్ర ప్రభుత్వమూ.