హెల్ప్‌లో వరుస ఎవరు విరవాలి? పాత తగువు వెనక కథ

పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 3.13 వెర్షన్‌కి మారగానే విజయనగరంలో మా చిన్న టీమ్‌లో పాత తగువు మళ్లీ లేచింది. ధాన్యం కొనుగోలు లెక్కలు తీసే మా టూల్ హెల్ప్, అంటే ఏ ఆప్షన్ ఏం చేస్తుందో తెరమీద చూపే వివరం, అంతా తెలుగే. "-జ పేరు, --జిల్లా పేరు" అనే వరుస కొత్త వెర్షన్‌లో "-జ, --జిల్లా పేరు" అయింది. పాత హెల్ప్‌తో పోల్చి చూసే టెస్టులు ఫెయిలయ్యాయి. అది సర్దడం పది నిమిషాల పని. ఆ ఫైలు తెరిచాక అసలు ప్రశ్న బయటికొచ్చింది: వరుస ఎక్కడ విరగాలో తేల్చేది రాసిన మనిషా, పైథాన్‌తో వచ్చే రెడీమేడ్ కోడ్ లైబ్రరీయా?

గెటాప్ట్ (టైపు చేసిన ఆప్షన్లని విడదీసే పాత మాడ్యూల్) రోజుల సంగతి పాతవాళ్లకి తెలిసిందే. నా లెక్కలో మలుపు 2003. ఆ ఏడాది పైథాన్ 2.3లో ఆప్షన్లు చదివి హెల్ప్ చూపే ఆప్ట్‌పార్స్, వరుసలు విరిచే టెక్స్ట్‌రాప్ రెండూ వచ్చాయి. రెండూ గ్రెగ్ వార్డ్ రాసినవే. అంతవరకు హెల్ప్‌ని చేత్తో టైపు చేసుకునేవాళ్లం; ఎంటర్ కొట్టిన చోటే విరిగేది. ఆ తర్వాత పొడవు కొలిచి విరిచే పని లైబ్రరీది. 2010లో 2.7తో వచ్చిన ఆర్గ్‌పార్స్, ఇప్పుడు మా టూల్ వాడేది, కూడా అదే దారి పట్టింది.

ఆ కొలతే మనకి కుదరలేదు. "శ్రీకాకుళం" చదివేవాళ్లకి 4 అక్షరాలు. గుణింతం గుర్తుల్నీ వత్తుల్నీ విడిగా లెక్కపెట్టే పైథాన్ 3 లెక్కలో 10. పైథాన్ 2లో యూటీఎఫ్-8 బైట్లుగా ఉంటే 30. 80 గళ్ల టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే తెరలో) వివరం 24 గళ్ల తర్వాత మొదలైతే, లైబ్రరీ చివర వదిలే రెండు గళ్లు పోగా మిగిలేది 54. తెలుగు వాక్యం అందులో నిండకముందే విరిగిపోతుంది. పైగా ఆప్షన్ పేరు పక్కన ఖాళీలు కూడా ఇదే లెక్కతో పడతాయి కాబట్టి --జిల్లా ఎదురుగా ఉన్న వివరం ఎడమకి జరిగిపోతుంది.

మా హెల్ప్ రాసే మేడం శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి రోజూ రైల్లో వస్తారు. "సాధారణ రకం", "గ్రేడ్-ఏ రకం" అని రెండు వరుసల్లో రాస్తే లైబ్రరీ రెండింటినీ ఒకే పేరాలో కలిపేసింది. "గ్రామంలో ఉన్న ఆపరేటరు దీన్ని ఒక్క చూపులో చదవాలి బాబూ, అందుకే అక్కడ విరిచాను" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. ఆర్గ్‌పార్స్‌లోనే ఉన్న రాటెక్స్ట్ ఫార్మాటర్ పెడితే రాసిన వరుసలు అలాగే నిలుస్తాయి. కాకపోతే అది పార్సర్ మొత్తానికి, అంటే టూల్ ఆప్షన్లన్నిటికీ వర్తిస్తుంది, ఒక్క ఆప్షన్‌కి పెట్టే వీల్లేదు. లోపలి ఫంక్షన్లు మార్చుకుందామంటే, ఆ ఫార్మాటర్ క్లాస్ పేరు తప్ప మిగతాదేదీ పబ్లిక్ ఏపీఐ (బయటివాళ్లు నమ్మి వాడుకోదగ్గ భాగం) కాదని కోడ్‌లోనే రాసి ఉంది.

టెర్మినల్ ఇరుకైతే వరుసలు చెదురుతాయని మా ప్రోగ్రామర్ల వాదన. అదీ నిజమే.

ప్రస్తుతానికి రాటెక్స్ట్ పెట్టాం. మేడం ప్రతి వరుసనీ చదివి చేత్తో విరుస్తున్నారు. --జిల్లా ఎదురుగా వివరం మాత్రం ఇంకా ఎడమకే ఉంది.