ఆదివారం ఒక్కరోజే చదివితే

హైదరాబాద్‌లో 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొట్టమొదటిది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, గృహిణులు, మధ్యలో చదువు ఆగిపోయినవాళ్లు అక్కడ చేరి డిగ్రీలు పూర్తిచేస్తున్నారు. ఇలా ఇంటి నుంచి చదివేవాళ్లకు రోజూ కాలేజీ గంట మోగదు, పక్క బెంచీలో స్నేహితులుండరు. అందుకే చాలామంది చదువంతా ఆదివారానికి నెట్టేస్తారు. వారమంతా ఖాళీ ఉండదన్నది నిజమే. కానీ మన జ్ఞాపకం పనిచేసే తీరుకు ఈ పద్ధతి సరిపడదు.

జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ఫలితాలు ప్రచురించాడు. అర్థం లేని అక్షరాల వరుసలను బట్టీపట్టడం, కొంత వ్యవధి తర్వాత వాటిని మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ పడుతుందో లెక్కవేయడం ఆయన పద్ధతి. ఒకేరోజు 68 సార్లు వల్లెవేస్తే ఎంత ఫలితం వచ్చిందో, మూడు రోజులకు పంచుకుంటే 38 సార్లకే అంత వచ్చింది. రోజంతా ఖాళీ దొరకని విద్యార్థికి ఇంతకన్నా మంచి కబురు ఏముంటుంది? ఆఫీసు బస్సులో ఒక పావుగంట, కుక్కర్ విజిల్ వచ్చేలోగా పది నిమిషాలు... చదువుకు పనికిరావని మనం వదిలేసే ఈ ముక్కలే గుర్తుంచుకోవడానికి బాగా పనికొస్తాయి.

అయితే ఆ పది నిమిషాల్లో ఏం చేస్తామన్నది ముఖ్యం. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు విద్యార్థులతో ఒక పాఠాన్ని నాలుగు విడతలుగా చదివించారు. మరికొందరు ఒక్క విడతే చదివి, తర్వాత మూడుసార్లు చూడకుండా గుర్తుతెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత మాత్రం వాళ్లకు 40 శాతమే గుర్తుంది, గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకు 61 శాతం. రికార్డెడ్ క్లాసును మళ్లీ మళ్లీ చూసేటప్పుడు జరిగే మోసం ఇదే. చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది. బస్సులో ఫోన్ తెరవకుండా, నిన్నటి పాఠంలోని ముఖ్యమైన విషయాలను మనసులో చెప్పుకుని చూడండి. ఎక్కడ ఆగిపోయారో ఇంటికి వచ్చాక అదొక్కటే పుస్తకంలో చూసుకుంటే చాలు.

అన్నిటికీ ఈ ముక్కలు సరిపోవు. అకౌంట్స్ లెక్కలకు, ప్రోగ్రామింగ్‌కు, పెద్ద అసైన్‌మెంట్లకు కదలకుండా కూర్చునే రెండు మూడు గంటలు కావాలి. ఆదివారాన్ని వాటికి ఉంచుకోవాలి.

ఇక అసైన్‌మెంట్ అనగానే వచ్చే టెన్షన్‌లో సగం మన అంచనాల వల్ల వచ్చేదే. కెనడాలో రోజర్ బ్యూలర్ బృందం 1994లో ప్రచురించిన అధ్యయనంలో, థీసిస్ ఎన్ని రోజుల్లో ముగిస్తారని డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులను అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? 49 రోజులన్నారు. చివరికి పట్టింది 55 రోజులు! వాళ్లేమీ బద్ధకస్తులు కారు. పనిని ఊహించుకునేటప్పుడు మనకు జ్వరం రాదు, కరెంటు పోదు, ఇంటికి చుట్టాలు రారు. అందుకని ఊహను పక్కనపెట్టి పాత లెక్క చూడాలి. కిందటి అసైన్‌మెంట్ మొదలుపెట్టిన తేదీ, పంపిన తేదీ కాగితం మీద రాసుకోండి. మధ్యలో రెండు వారాలు పట్టి ఉంటే, ఈసారి కూడా గడువుకు రెండు వారాల ముందే మొదలుపెట్టాలి.